నేను అరగదీసిన ట్రిగ్గర్

మా వదిన కుడిచెయ్యి పాడుచేసింది నేనే. తల్లి లేని నన్ను ఏడేళ్లప్పటి నుంచి సాకిన మనిషి ఆమె. పోలీసుల కాగితాల్లో నా పేరు లేదు కాబట్టి, ఇక్కడైనా రాసుకోవాలి.

ఎనభైల్లో నేను బొగ్గుబావుల వర్క్‌షాపులో ఫిట్టర్ని. ములకలపల్లి దగ్గర అడవి అంచున మా అన్న మిర్చి వేసేవాడు. ఆయనకు లైసెన్సు రివాల్వర్ ఉండేది. పాము కరిచినప్పటి నుంచి చూపుడువేలు సరిగా వంగక ట్రిగ్గర్ నొక్కలేకపోయేవాడు. ఆ సంగతి ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ఆయన బాధ.

"నువ్ ఫిట్టర్‌వి గదరా, జర అల్కగ చెయ్యి, నొక్కుడు సులువైతది" అన్నాడు.

పొగిడితే పొంగిపోయే రకం నేను. సెలవురోజు క్వార్టర్ తలుపులేసుకుని ట్రిగ్గర్‌నూ, వెనకుండే హ్యామర్‌నూ ఆకురాయితో అరగదీశాను. చంటిపిల్ల వేలు తగిలినా కదిలేటట్టు తయారైంది. అదే పనితనం అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే. అన్న చూసి మురిసిపోయాడు. వదినకు చెప్పాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ దసరాకు కొడవళ్లు, నాగలి, పంపుసెట్టు పానాలతో పాటు రివాల్వర్‌నూ పూజలో పెట్టారు. తూటాలు తీసెయ్యమన్నాను.

"దేవుని ముంగట వట్టి గిన్నె పెడ్తమారా? వట్టి ఆయుధం గూడ గంతే" అన్నాడు అన్న.

పండగపూట పెద్దవాడితో వాదులాట ఎందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని ఇప్పటికీ క్షమించుకోలేను.

మర్నాడు పొద్దున వదిన పూజసామాను సర్దుతోంది. ఎడమచేత్తో రివాల్వర్ పిడి పట్టుకుని, గొట్టం మూతికంటిన పసుపును కుడిచేత్తో తుడిచింది. నేను వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. చప్పుడు విని లోపలికి పరుగెత్తాను.

దవాఖానాకు తీసుకెళ్తూ దారిలోనే ట్రిగ్గర్ అరగదీసిన సంగతి ఆమెకు చెప్పేశాను. అక్కడ అరచెయ్యి కుట్టారు గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పోలీసులు అడిగితే వదిన, "నేనే కిందేసిన సారూ, పేలింది" అంది. నిజం చెప్పబోయిన నన్ను కళ్లతోనే ఆపింది. నా నౌకరీ పోతుందని ఆమె భయం. అన్న రివాల్వర్‌ను స్టేషన్‌లో అప్పగించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. మా ఇద్దరి చేతులూ భేషుగ్గానే ఉన్నాయి.

ఆర్నెల్లకు వాళ్లింటికి వెళ్లాను. వదిన ఎట్లాగో వంట చేసింది గానీ వడ్డించడానికి రాలేదు. మా ఇళ్లల్లో ఎడమచేత్తో అన్నం పెట్టరు. అన్నే గరిటె పట్టుకుని సగం కంచంలో, సగం కింద వడ్డించాడు. ఆమె తలుపు చాటున నిలబడింది.

నాకు దుఃఖం ఆగలేదు. "ఎడమచెయ్యయితే ఏంది వదినా, ఒక్క ముద్ద నువ్ పెట్టు" అన్నాను.

"వద్దురా. గీ చేత్తోని పెడ్తే నీకు మంచిది గాదు."

అప్పటికీ నా మంచే చూస్తోంది! కంచం ముందు కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఆ తర్వాత ఆమె పదేళ్లు బతికింది. ఒక్కపూట కూడా నాకు వడ్డించలేదు.