కాలిన పట్టుపోగు వాసన

మొన్న వనపర్తిలో చీరల దుకాణానికి వెళ్తే, అసలు పట్టేనని నమ్మించడానికి దుకాణదారు అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాడు. వెంట్రుక కాలినట్టు గుప్పుమన్న ఆ వాసనకు పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం నవ్వుకుంటూ నిలబడ్డాను. నాకది మా అక్క పదో తరగతి పాసైన వాసన.

అక్క చదువు తొమ్మిదితో ఆగిపోయి, గద్వాలలో మగ్గాల ఇంటికి కోడలైంది. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక, వాడలో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం పడుతుందని విని ఓపెన్ స్కూల్లో పదికి కట్టింది. అన్నీ గట్టెక్కాయి, సైన్సు ఒక్కటే రెండుసార్లు ముంచింది. ఈసారీ పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఇంటర్లో సైన్సు చదివిన పాపానికి ఆ చెప్పే పని నా నెత్తిన పడింది. బావ మగ్గం మీద, అక్క పక్కనే కండెలకు నూలు చుడుతూ, నేను గడప మీద పుస్తకం పట్టుకుని, ఇల్లంతా గంజి వాసన. నీళ్ళు గడ్డకడితే భౌతిక మార్పు, ఇనుము తుప్పుపడితే రసాయన మార్పు అని నేను చెబితే అక్క చిలకలా అప్పజెప్పేది. ఒకరోజు సొంతంగా ఒక ఉదాహరణ చెప్పమంటే మాత్రం మగ్గం మీదున్న చీర వైపు చేయి చూపింది.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగూ మెలేసి కలుపుతూ నేస్తారు. "ఒక్కసారి కలిసినంక ఎంత గుంజినా ఇడిపోవు. గది రసాయన మార్పే గదా చెల్లె," అంది. కాదన్నాను. బావ మగ్గం ఆపేశాడు. "మా అంచు ఇడిపోతదా? చీర చినుగుతది గాని అతుకు ఊడదు," అని నా మీదికి లేచాడు. రసాయన శాస్త్రం కాస్తా ఇంటి పరువు సమస్య అయి కూర్చుంది. నాకూ ఒళ్ళు మండింది. "ఇడిపోవుడు గాదు బావా, కొత్త పదార్థం పుట్టిందా లేదా అని సూడాలె," అన్నాను.

అక్క పాత చీర ముక్క తెచ్చి, అతుకు దగ్గర రెండు పోగులూ ఓపిగ్గా విడదీసి, ఒక్కోదాన్నీ దీపానికి చూపింది. ఒకటి వెంట్రుక వాసన, రెండోది కాగితం వాసన. "ఇన్నేండ్లు కలిసున్నా పట్టు పట్టే, నూలు నూలే. అయితే కలుపుడు భౌతిక మార్పే," అంది నెమ్మదిగా. వేళ్ళకంటిన బూడిద నాకు చూపిస్తూ, "గిది మాత్రం మళ్ల పోగు గాదు. గిదే రసాయన మార్పు," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పరీక్షలో సొంత ఉదాహరణలు అడిగారు. అక్క ఈ రెండే రాసి వచ్చింది. ఫలితాల రోజు, పండగకు కూడా మగ్గం దిగని బావ ఫోను పట్టుకుని వాడంతా తిరిగి చెప్పుకున్నాడు. బావ నేసిన చీరే కట్టుకుని అక్క ఉద్యోగంలో చేరింది.

తర్వాత ఆ ఇంటి రేకులు పోయి స్లాబు వచ్చింది, మగ్గం వెనక గదికి మారింది, మా ముగ్గురి తలలూ నెరిశాయి. కానీ ఆ దీపం దగ్గర పుట్టింది కొత్త మనిషి. ఇన్నేళ్ళ కాలం ఎంత గుంజినా ఆమెను మళ్ళీ పాత అక్కను చేయలేకపోయింది.