పై ముడత, కింది ముడత

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మా సంస్థ జనగామలో ఒక శాఖ తెరిచింది. మరుసటేడు వానాకాలం మొదట్లో నన్ను సీనియర్ డిజైనర్‌గా అక్కడికి బదిలీ చేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతులకు పంటల సలహాలను చార్టులుగా తయారుచేసి ఇవ్వడం మా పని. సీనియర్ డిజైనర్ అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా హోదా ఆర్టిస్టు. పాళీ, ఇండియన్ ఇంకు, కార్ట్రిడ్జ్ కాగితం చేతికిచ్చి పురుగుల్ని గీయమనేవారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. హోదా పెరిగింది, గీయడం పోయింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన చార్టులో జిల్లా పేరు మార్చడం, ఫోన్ నంబరు సరిచేయడం, అక్షరాలు కాస్త పెద్దవి చేయడం, ఇదీ ఏళ్ల తరబడి నేను చేసిన కళాసేవ.

ఆ ఏడు డోర్నకల్ వైపు మిరప రైతుల కోసం ఆకుముడత చార్టు ఒకటి వచ్చింది. మిరపలో ముడత ముఖ్యంగా రెండు రకాలు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అవుతుంది. దాన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగి, బోర్లించిన దొన్నెలా అవుతుంది. అది కింది ముడత. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయదు. పొరపాటు మందు కొడితే ఆ నాలుగు రోజుల్లో అసలు తెగులు చేనంతా పాకుతుంది.

చార్టు చేసింది హైదరాబాదులో ఒక ప్రైవేటు ఏజెన్సీ. ఫొటోలు అద్దంలా ఉన్నాయి. రెండు ఆకుల్నీ కొమ్మల నుంచి కత్తిరించి, తెల్లటి నేపథ్యం మీద సోకుగా ఏటవాలుగా పెట్టారు. అందులో జిల్లా పేరు మారుస్తూ మారుస్తూ ఆగిపోయాను. ఈ ఆకుకు పైన ఏది, కింద ఏది? చార్టును తలకిందులు చేసి చూశాను. పై ముడత కాస్తా కింది ముడత అయి కూర్చుంది.

మా ప్రోగ్రామ్ మేనేజర్ రఘోత్తం గారు వ్యవసాయం చదివినాయన, శాఖకు పెద్ద. ఆయనకు చూపిస్తే, ఫొటో కన్నా నిజం ఏముంటుంది మేడం, కింద పేర్లు రాశాం కదా అన్నారు. రైతు పేరు చదివి మందు కొట్టడు, ఆకు చూసి కొడతాడు అన్నాను. నా గొంతు కొంచెం లేచింది. ఆయన మంచాయన కాబట్టి సరిపోయింది. పదండి, రైతులకే చూపిద్దాం అన్నారు.

డోర్నకల్ దగ్గరి ఒక ఊళ్లో మార్తమ్మ అనే కౌలు రైతు ఉండేది. అంతకు ముందటేడు ఆమె మిరప చేను ముడతతో పోయింది. ఈసారి కూడా పోతే భూమి వేరేవాళ్లకిస్తానని పట్టాదారు ముందే చెప్పేశాడు. అప్పటికి ఆమె చేనులో ముడత రాలేదు. మేం ఆ ఊరి పక్కనే ఉన్న మా ప్రదర్శన క్షేత్రం నుంచి, అంటే రైతులకు చూపించడానికి మేం పెంచే మడి నుంచి, రెండు రకాల ముడత ఆకులూ కవరులో పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టాం. ఆమె ఒక ఆకు తీసి చార్టు మీద ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"గిట్ల పెడితే గిది, గట్ల పెడితే గది. మరి ఏదని కొట్టాలె సారూ?"

పోయినేడు ఏం చేశావమ్మా అని అడిగాను.

"గిట్లనే ఆకు తెంపి, కొంగుల కట్టుకపోయి దుకాణంల చూపెట్టిన. ముడత మందు అని ఇచ్చిండు. కొట్టిన. చేను గట్లనే పాయె."

ఆ వైపు అందరూ చేసేది అదే. ఆకు తెంపడం, మందుల దుకాణానికి మోసుకెళ్లడం. దుకాణదారు ముందున్న ఆకుకు కొమ్మ ఉండదు, చెట్టు ఉండదు. అచ్చం మా చార్టులాగే.

తిరిగి వచ్చేటప్పుడు రఘోత్తం గారు అచ్చు ఆపుతానన్నారు, కానీ బదులు ఏం వేద్దామని అడిగారు. నేను గీస్తానన్నాను. ఆయన ఆశ్చర్యంగా, మీరు గీస్తారా మేడం అన్నారు. ఆ ఒక్క మాట నాకు మండింది. మండి తీరాలి కూడా. నా పక్కనే కూర్చుని పనిచేసే మనిషికి నేను బొమ్మలు గీసేదాన్నని తెలియదు.

ఇంటికెళ్లి పాత రేకు పెట్టె దించాను. పాళీలు తుప్పు పట్టాయి, ఇంకు గడ్డకట్టింది. కొత్తవి తెప్పించి కూర్చుంటే, గీసిన ఆకులన్నీ ప్లాస్టిక్ ఆకుల్లా వచ్చాయి. కారణం పట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. కంప్యూటర్లో మేం సగం ఆకు గీసి, రెండో సగానికి దాన్నే తిప్పి అతికించేవాళ్లం. నా చెయ్యి ఆ బుద్ధి నేర్చుకుంది. కుడి ఎడమలు కొలిచినట్టు సమానంగా వస్తున్నాయి. రోగమొచ్చిన ఆకు ఎక్కడైనా అలా ఉంటుందా? ఛీ, ఇంతేనా నా విద్య అని ఏడుపొచ్చింది. ఆ కాగితాలన్నీ చింపి పారేసి, డోర్నకల్ రైలెక్కాను.

ప్రదర్శన క్షేత్రంలో గట్టు మీద అట్ట పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మార్తమ్మ అక్కడికి కలుపు కూలికి వచ్చింది. నన్ను చూసి నవ్వింది.

"ఏందక్కా, ఆకును గట్ల చూస్తున్నవ్, పెండ్లిచూపులకు వచ్చినట్టు?"

సాయం చేద్దామని ఒక ఆకు తెంపి నా అట్ట మీద పెట్టింది. పై ముడత ఆకు. గీయడం మొదలుపెట్టాను. ఎండకు ఆకు వాడి, గీస్తుండగానే మెలి తిరిగింది. అంచులు ఒకవైపు లేచాయి, ఒకవైపు వాలాయి. నేను సగం గీసిన ఆకు వేరు, నా ముందున్న ఆకు వేరు. అప్పుడు అర్థమైంది. తెంపిన ఆకు దుకాణం చేరేలోపు ముడత మార్చేస్తోంది. ఫొటో తప్పు కాదు, గీత తప్పు కాదు. తెంపడమే తప్పు.

అట్ట తీసుకుని మొక్క పక్కన నేల మీద కూర్చున్నాను, కొమ్మ నా కళ్లకు సూటిగా ఉండేలా. అలా పక్క నుంచి చూస్తే గుర్తు సులువు. పై ముడతలో ఆకు అడుగు భాగం బయటికి కనిపిస్తుంది, పాలిపోయి, ఈనెలు ఉబ్బి ఉంటుంది. కింది ముడతలో నిగనిగలాడే పై భాగం కనిపిస్తుంది, కాడ సాగి ఉంటుంది. ముందు కాండం గీశాను, తర్వాత కొమ్మ, కింద నేల గీత. ఆ తర్వాతే ఆకు. పాలిపోయిన వైపు సన్న గీతలతో వదిలేశాను, నిగనిగలాడే వైపు ఇంకు నింపాను. కుడి ఎడమలు ఒకలా రాలేదు. చెయ్యి వణికిన చోట ఆకు కూడా వణికినట్టే ఉంది, బాగుంది. కలుపు తీసే ఆడవాళ్లందరూ వచ్చి చూశారు. మార్తమ్మ కొమ్మనూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

కొన్నాళ్లకు ఆమె చేనులోనే ముడత కనబడిందని కబురొచ్చింది. మందు కొట్టొద్దు, వస్తున్నామని చెప్పాం. రఘోత్తం గారు భూతద్దం తెచ్చారు కానీ జేబులోంచి తీయలేదు. ముందు చుట్టుపక్కల రైతులకు ఫొటో చార్టు చూపించి ఏ ముడతో చెప్పమన్నారు. అందరూ అలవాటుగా ఆకులు తెంపి చేతుల్లో పట్టుకుని తలోమాట అన్నారు. తర్వాత నా బొమ్మ పట్టుకున్నాను. రెండు ముడతల బొమ్మలూ, వాటి పేర్లూ పోను దాని మీద ఒకటే వాక్యం రాసి ఉంది: ఆకు తెంపకండి, వంగి పక్క నుంచి చూడండి.

ముందుగా మార్తమ్మే వంగింది. ఒక మొక్క దగ్గర, పక్క మొక్క దగ్గర, ఇంకొంచెం లోపలికి పోయి అక్కడా. మిగతావాళ్లూ సాళ్లలో వంగారు. ఆమె ఇప్పుడు తప్పు చెబితే ఇక్కడ భూతద్దం ఉంది సరే, నా బొమ్మ ఒక్కటే వెళ్లే ఊళ్లలో చేలు పోతాయి.

ఆమె నడుం ఎత్తి, "కింది ముడత సారూ," అంది. "నల్లి పడ్డది. ఆకు మీది దిక్కే మెరుస్తున్నది చూడుండ్రి, బొమ్మల ఉన్నట్టు." వెనక సాళ్లలోంచి మిగతావాళ్లూ అదే మాట అన్నారు, ఒక్కరి మాట కూడా తేడా రాలేదు.

రఘోత్తం గారు అప్పుడు భూతద్దం తీశారు. ఆకు అడుగున తెల్లగా, ఇసుక కన్నా సన్నగా, నల్లి. ఆయన లేచి నా వైపు తిరిగి, ఈ బొమ్మే అచ్చుకు వెళ్తుంది మేడం అన్నారు. గర్వపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి. మార్తమ్మ ఆ సాయంత్రమే నల్లి మందు కొట్టింది. తర్వాత వచ్చిన చిగుళ్లు చక్కగా విచ్చుకున్నాయి. మరుసటేడు కూడా ఆ భూమి ఆమెదే.

చార్టు మూడు జిల్లాలకూ వెళ్లింది. భూపాలపల్లి కేంద్రం వాళ్లు పత్తికి కూడా ఇలాంటిదే కావాలని అడిగారు. ఉద్యోగం ముగిసేదాకా మళ్లీ పాళీతోనే పనిచేశాను. ప్రతి చార్టు కింద మూలన నా సంతకం ఉంటుంది. కంప్యూటర్లో చేసినవాటిలో ఒక్కదాని మీదా లేదు.

డోర్నకల్‌లో మార్తమ్మకు మందు అమ్మిన దుకాణంలో ఇప్పటికీ ఆ బొమ్మ వేలాడుతోంది. ఎవరైనా ఆకు తెచ్చి చూపిస్తే, తెంపిన ఆకు నాకెందుకు, పోయి కొమ్మ మీద చూసి రా అంటాడట ఆయన.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఏదైనా నేర్చుకోండి అంటాను. ఆకు గీయాల్సి వస్తే మాత్రం ముందు కొమ్మ గీయండి.