ఎండబెట్టిన దానిమ్మ చెట్టు

"ఆకులన్నీ రాలి కట్టె లెక్క నిలబడ్డది అత్తమ్మా, నీకు కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది. రాలాలనే ఎండబెట్టిన. సుక్క నీళ్లు పోయొద్దని చెప్పి పోయిన గద?"

"గులాబీలకేమో బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు. దీనికి రోజు రెండు బకెట్లు పోస్తే మన ట్యాంకు ఎండుతదా? గంత పిసినారితనం ఏంది?"

"పిసినారినే. కానీ ఇది నీళ్ల కోసం కాదు."

"మరి దేనికోసం? పాణమున్న చెట్టును సంపుతున్నవ్."

"సంపింది నువ్వు."

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కోడలు స్వరూప చేతిలోని బకెట్టు కింద పెట్టి లోపలికి పోయింది. విద్యానగర్‌లో బిడ్డ ఇంట్లో ఐదు రోజులుండి అప్పుడే తార్నాకల మా ఇంటికి వచ్చిన నేను, చెప్పులు విడవకముందే పెరట్లోంచి తడి మన్ను వాసన వస్తే ఇటు నడిచిన. రోహిణి కార్తె, మబ్బు తునక లేని మిట్టమధ్యాహ్నం. ఆ పూట ఆ వాసన రావద్దు. దానిమ్మ పాదు నిండా నీళ్లు నిలబడి ఉన్నయి, ఐదు రోజుల నుంచి పోస్తున్నదట.

మా కొడుకు రమేశ్ పెరడంతా బండలు వేయిస్తనని రెండేండ్ల నుంచి అంటున్నడు. దోమలు, బురద, కాయ లేని చెట్టు ఎందుకంటడు. ఆఖరికి ఒక మాటకు వచ్చినం: ఈ వానకాలం పూత వస్తే చెట్టు ఉంటది, రాకుంటే లేదు. అందుకే ఎండబెట్టిన. అది మా బాపు పెంచిన చెట్టు కొమ్మ. నా పెండ్లి నాడు ఒక తడి గుడ్డలో చుట్టుకొని తెచ్చి నాటిన.

బాపు యూనివర్సిటీలో మాలి. క్యాంపస్ లోపల ఒక ప్రొఫెసర్ సారు బంగ్లా, దాని వెనక రేకుల కొట్టం మాది. ముందట రెండు వరుసల గులాబీలు, వెనక దానిమ్మ, నిమ్మ, జామ, వాటి అవతల నల్లటి బండలు, బండల సందుల్లో ఎవరూ నాటని సీతాఫలం పొదలు. ఎండకాలం చివరికొచ్చేసరికి ఆ బండలు పొద్దుగూకినా చల్లారక, కొట్టంలో పడుకున్న మా వీపులకు వాటి సెగ తగిలేది. అమ్మను మేం అవ్వ అనేటోళ్లం. అవ్వ పొద్దున్నే జొన్న అంబలి కాచి కుండలో పోసి తడిగుడ్డ చుట్టేది, మధ్యాహ్నం దాంట్లో పచ్చి మామిడికాయ తొక్కు నంజుకొని తాగి, కానుగ చెట్టు నీడలో చింతగింజలతో అష్టాచెమ్మ ఆడుకునేటోళ్లం. బాపు మాత్రం ఎవరితో మాట్లాడకుండా, తలకింద తువ్వాల పెట్టుకొని, బీడీ ఆరిపోయేదాకా చెట్ల దిక్కే చూసి నిద్రపోయేటోడు.

ముందటి గులాబీలు బంగ్లావి. వెనకటి మూడు చెట్ల కాయ మాది, సారు వాళ్లు ఇష్టంతోనే ఒప్పుకున్నరు. గులాబీలకు రెండు పూటలా నేను నీళ్లు పోయాలి, మొదట్లో పోయాలి గానీ ఆకు మీద పడొద్దు, ఎండకు ఆకు కాలుతది. ఎండకాలంల పూలు చిన్నగా, అంచులు మాడి, వాసన మాత్రం చలికాలం పూలకు లేనంత ఘాటుగా ఉండేవి. పొద్దుగాల్నే తెంపి బుట్టలో పెట్టి బంగ్లా అమ్మగారికి ఇచ్చేదాన్ని. కానీ దానిమ్మ దిక్కు పోవద్దని బాపు ఆన. ఉగాది పోయినంక దానికి నీళ్లు బంద్ పెట్టి, చుట్టూ మన్ను తవ్వి వేర్లు బయటపెట్టి ఎండకు వదిలిపెట్టేటోడు. మృగశిర చినుకు పడే దినాలకు ఎరువేసి, మన్ను కప్పి, అప్పుడు కడుపు నిండా నీళ్లిచ్చేటోడు. వారం పది దినాలకు చెట్టంతా మొగ్గ.

"దానికి ఆకలైతేనే పూత పెడ్తది" అనేటోడు. నాకు అది అర్థం కాలే. నేను మూడో తరగతి. బయటపడ్డ ఆ వేర్లు అవ్వ కాళ్ల మీది నరాల లెక్క కనవడేవి. గులాబీలకు పోసి, దీన్ని దాటుకొని ఖాళీ బొక్కెనతో పోతుంటే తల అవతలికి తిప్పుకునేదాన్ని. ఒకనాడు బాపు నిద్రపోంగ గులాబీల నీళ్లలోంచి సగం తెచ్చి పోసిన. మరునాడు మళ్ల పోసిన. తడి కనవడకుండా పొడి మన్ను చల్లిన. గట్ల ఎనిమిది రోజులు. నా అంత మంచోళ్లు ఎవరూ లేరనుకున్న.

ఆ యేడు చెట్టు పచ్చగా, ఒత్తుగా, పక్షి గూడు కనవడనంత ఆకు పెట్టింది. పూత మాత్రం రాలేదు. నిమ్మ, జామ ఎంత కాసినా మా ఇంటికి అక్కెర పడేది దానిమ్మనే. వాటిని గంపలో సీతాఫల్‌మండి బజారుకు మోసి అమ్మితేనే మా బడి బట్టలు, పుస్తకాలు. తమ్ముని పుస్తకాలు ఎట్లనో తెచ్చిండ్రు. నన్ను మాత్రం అవ్వ, "ఈ యేడు ఇంటికాడ ఉండు బిడ్డా, వచ్చే యేడు పోదువు" అన్నది. వచ్చే యేడు కాయ కాసింది గానీ అప్పటికి చెల్లె పుట్టింది, ఎత్తుకునేది నేనే. మళ్ల బడి మెట్టెక్కలే. ఈ నాలుగు ముక్కలు రాసేది ఆ మూడు తరగతుల చదువుతోనే.

బాపుకు తెలుసో తెల్వదో నాకు ఇప్పటికీ తెల్వదు. ఆకు దిక్కు చూసి, పాదు దగ్గర కూసొని, మన్ను చేతిలోకి తీసుకొని నలిపి, నా దిక్కు చూడకుండా లేచి అవతలికి పోయిండు. అడుగుతే చెప్దామని ఆయన కండ్లు మూసేదాకా ఎదురుచూసిన. అడగలే. నేనూ చెప్పలే. అప్పటినుంచి ఎవరిమీదా జాలి చూపెట్టడం నాకు చేతకాలేదు, నా పిల్లలకు అది బాగ తెలుసు.

మొన్నొకసారి క్యాంపస్‌లోంచి ఆటోలో పోతూ చూసిన. బంగ్లా లేదు, కొట్టం లేదు, గులాబీలున్న కాడ నాలుగంతస్తుల కొత్త బిల్డింగు, బండలను పేల్చి చదును చేసినట్టున్నరు. ఆటో ఆపమని అడగలే.

కొట్లాట అయిన మరునాడు పొద్దున, నేను గులాబీ కుండీల దగ్గర ఉంటే స్వరూప వెనకనుంచి కేక పెట్టింది.

"అత్తమ్మా, మొగ్గలు! ఇగో, ఎర్రగ, కొమ్మకొమ్మకు!"

రమేశ్ బ్రష్ నోట్లో పెట్టుకొనే వచ్చిండు. నేను కొంగుతో కండ్లద్దాలు తుడుచుకొని ఒక్కొక్క కొమ్మ వంచి చూసిన. దానిమ్మ చిగురు గూడ పుట్టినప్పుడు ఎర్రగనే ఉంటది. ఎరగనోళ్లకు అది మొగ్గ లెక్కనే కనవడ్తది. ఇవన్నీ చిగుళ్లే. నేను ఔనంటే ఇద్దరూ నమ్ముతరు.

"మేస్త్రి ఇయ్యాల ఖాళీగున్నడట, వానలు పడకముందే బండలు వేస్తనంటున్నడు" అన్నడు రమేశ్. "పూతేనా అమ్మా?"

"కాదు. ఆకు. ఈ యేడు పూత రాదు."

స్వరూప మొఖం వాడిపోయింది. "నేను నీళ్లు పోసినందుకేనా అత్తమ్మా? నిన్న నువ్వన్నవ్ గద..."

"నిన్న కోపంల అన్న. చెట్టు ముసలిదైంది బిడ్డా. నువ్వు పోసినా పోయకున్నా గింతే."

ఆమె నమ్మింది. పది గంటలకు మేస్త్రి వచ్చిండు.