పాలు పొంగించిన ఇల్లు

మా అశోక్‌నగర్‌లో గదికి కిరాయి ఉండదు, మంచానికి ఉంటుంది. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు కాబట్టి సంసారాలు చేసుకునే వాళ్లు కూడా హాలు మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, అటూ ఇటూ మంచాలు వేసి, గేటుకు హాస్టల్ బోర్డు తగిలించేశారు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న రేకుల గదిని కూడా వదల్లేదు. ఇలాంటి చోట పెళ్లాం పిల్లలున్న కూలి మనిషికి గది ఎవరిస్తారు? ఈ సంగతి మున్సిపాలిటీ వాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసే నాలా పక్క బస్తీకి వచ్చి, ఇళ్లు ఖాళీ చేసి కొన్నాళ్లు దగ్గర్లోనే కిరాయికి ఉండండి, ఇదే జాగాలో మీకు రెండు పడగ్గదుల ఇళ్లు కట్టిస్తాం అని చెప్పారు.

మా ఇంట్లో గిన్నెలు తోమి బట్టలుతికే ఆమె ఇల్లు ఆ బస్తీలోనే ఉండేది. పెళ్లయిన కొత్తలో భర్తతో పాలమూరు నుంచి వచ్చింది. మా అపార్టుమెంటులో అందరూ ఆమెను పాలమూరామె అంటారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. భర్త మేస్త్రీ. పగలంతా ఊళ్లోవాళ్ల ఇళ్లు కట్టి, ఆదివారాలు తన ఇంటికి గోడలు లేపుకున్నాడు. పైన రేకులే. వానాకాలంలో నాలా పొంగితే మంచం కిందికి నల్లనీళ్లు వచ్చేవి. అయినా కరెంటు మీటరు ఆమె పేరున ఉండేది, ఇంటి పన్ను ఆమె పేరున కట్టేది. నాలా తప్ప ఆ ఇంటికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఇడిసిపెట్టి పోతే మల్ల ఇస్తరంటవా అమ్మ?" అని నన్ను అడిగింది.

"సర్కారోళ్లే చెప్తున్నరు గద. ఇయ్యకుంట ఎట్ల ఉంటరు?" అన్నాను. అప్పటికి నాకు నిజంగానే అలా అనిపించింది.

జేసీబీ ఒక్క పూటలో బస్తీని చదును చేసింది. మర్నాటికల్లా అక్కడ ఇంత పెద్ద ఫ్లెక్సీ లేచింది. నిధులు మంజూరు చేసినందుకు పై నాయకుడికి ధన్యవాదాలట. కింద వరసగా చిన్న నాయకుల మొహాలు, ఒక్కొక్కడూ చేతులు జోడించి ఉన్నాడు. ఇళ్లు పోయినవాళ్లు ఆ ఫ్లెక్సీ కిందే మూటలు పెట్టుకుని ఆటోల కోసం నిలబడ్డారు. పాలమూరామెకు అడిక్‌మెట్‌లో ఒక్క గది దొరికింది. అక్కడి నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది, మళ్లీ నడిచి పోయేది.

పిల్లర్లు లేచాయి, మొదటి స్లాబు పడింది, పని ఆగిపోయింది. కాంట్రాక్టరుకు బిల్లులు రాలేదన్నారు. నిధుల్లేవన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నారాయణగూడ వైపు రోడ్డు మధ్యలో మొక్కలు పీకి కొత్త మొక్కలు నాటడానికి నిధులున్నాయి. బాగున్న ఫుట్‌పాత్ రాళ్లు తవ్వేసి అవే రాళ్లు మళ్లీ పరచడానికి నిధులున్నాయి. బస్తీ మొదట్లో నాయకుడి పేరుతో సిమెంటు కమాను కట్టడానికీ ఉన్నాయి. కమాను వెనక ఇళ్లు లేవు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు, వాటి మధ్య మూత్రానికి పోయే మగవాళ్లు. రోజూ ఆ దారినే చిక్కడపల్లి మార్కెట్‌కు పోయేదాన్ని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

మా అపార్టుమెంటు వాళ్లు మాత్రం ఏం తక్కువ? ఒక ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. పైఅంతస్తులో ఉండే రిటైర్డు ఆఫీసరుగారు గొంతు సవరించుకుని, ఆ ఇళ్లు పూర్తయితే మన ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి, వాళ్లు బాల్కనీల్లో బట్టలారేస్తారు, అందుకని మధ్యలో ఎత్తుగోడ కట్టమని అర్జీ పెడదాం అన్నారు. అందరూ తలలూపారు. ఆ తలలూపిన వాళ్ల బాల్కనీల్లో వాళ్ల లుంగీలే ఆరుతున్నాయి అప్పుడు కూడా.

"మరి పొద్దున పనామె గోడ దునికి రావాల్నా సార్?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మా ఆయన నా మోచేయి గిల్లారు. ఇంటికొచ్చాక ఆయన మీద కూడా అరిచాను. నాకు ముక్కు మీద కోపం ఉందని బంధువుల్లో పేరు. ఉంటే ఉండనీ. ఆ మీటింగ్‌లో ఇచ్చిన సమోసా ఎవరి గొంతులోనూ అడ్డం పడలేదు, అదీ నాకు రోత పుట్టించింది.

ఎన్నికలు దగ్గరపడేసరికి పని పరుగందుకుంది. ఇళ్లు లేచాయి, గులాబీ, పసుపు రంగులు పడ్డాయి. ఒకరోజు పాలమూరామె పని మధ్యలో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ప్రారంభోత్సవం నాడు నాయకుడి ముందు పాలు పొంగించడానికి బస్తీ మొత్తంలో ఆమెను ఎంచుకున్నారట. నాయకుడి వెంట తిరిగే మనిషి ఒకడు వచ్చి, మంచి చీర కట్టుకుని ఆలుమగలు ఇద్దరూ రమ్మని చెప్పిపోయాడట. కోఠి పోయి కొత్త ఇత్తడి గిన్నె కొన్నది. నేను చీర పెట్టాను. నువ్వు కూడా రావాలె అమ్మ అంటే పోయాను.

మొదటి అంతస్తులో, మెట్ల పక్క ఇల్లు. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. వంటగదిలో వాళ్లే తెచ్చి పెట్టిన స్టవ్వు, సిలిండరు. నేను గిన్నె కడుగుదామని నల్లా తిప్పితే గాలి కూడా రాలేదు. సింకు కింద చూస్తే పైపే లేదు. వాటర్ బాటిల్ నీళ్లతో గిన్నె కడిగాం. నాయకుడు వచ్చాడు, వెనక కెమెరాలు వచ్చాయి, తొక్కుకుంటూ లోపలికి దూరారు. చెప్పులతోనే దూరారు. పాలు పొంగే వేళకు ఆయన ఆమె పక్కన నిలబడి గిన్నె మీద చెయ్యి పెట్టినట్టు పెట్టి, కెమెరా వైపు నవ్వాడు. ఫొటోగ్రాఫరు "ఇంకొకసారి సార్" అన్నాడు. పాలు ఇంకొకసారి పొంగుతాయా? అవి పొంగేసి స్టవ్వు మీద మాడుతున్నాయి. ఆమె అదేమీ పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది.

అందరూ దిగిపోయారు. ఆమె భర్త బయటికి వెళ్లి, మెట్ల కింద దాచిన చాప, దుప్పట్లు, దీపం బుడ్డి మోసుకొచ్చాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. పాలు పొంగించిన ఇంట్లో ఆ రాత్రి మనిషి నిద్ర చెయ్యాలి, దీపం ఉండాలి. అది అందరి ఇళ్లలో ఉన్న ఆచారమే. వాళ్లు అదే అనుకుని తయారై వచ్చారు.

నాయకుడి వెంట తిరిగే మనిషి తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందక్కా గిది? చాప ఏంది? దిగుండ్రి, తాళమెయ్యాలె."

"గదేంది అన్నా, పాలు పొంగినంక ఇల్లు ఉత్తగ ఇడిసి పోతరా?"

"గది ఫొటోకు అక్కా. ఇల్లు ఎవలది ఎవలకో డ్రా తీసినంక తెలుస్తది."

నేను అరిచాను. పాలు పొంగించి నాటకాలాడతారా, సిగ్గు లేదా అన్నాను. అతను నా మాట చెవిన పెట్టలేదు, కుర్రాళ్లను పిలిచి సిలిండరు మోయించాడు. గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఆమె కొంగుతో పట్టుకుని మెట్లు దిగింది. పాలలో చక్కెర కూడా పడలేదు. ఇంటికి వచ్చి నేను స్నానం చేశాను, అయినా ఆ జనం చెమట వాసన, మాడిన పాల వాసన ఒంటి మీదే ఉన్నట్టనిపించింది.

నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాలులో డ్రా తీశారు. ఆమె పేరు రాలేదు. బస్తీలో ఎన్నడూ కనబడని మనుషుల పేర్లు వచ్చాయి. మిగిలినవాళ్లకు రెండో విడత ఉంటుందన్నారు కదా అని కొన్ని నెలలాగి ఆమెను వెంటబెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా ఆమె మొహం చూశాడు, గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టిన పాలు పొంగించిననాటి ఫొటో చూశాడు.

"ఇగో, మీరే గద అమ్మా ఇది? మీకు ఇల్లొచ్చింది గద. ఒక ఇల్లు వచ్చినోళ్లకు రెండోది రాదు."

రాలేదని నేను చెప్పాను, ఆమె చెప్పింది. అతను ఫొటో కేసి వేలు చూపిస్తూనే ఉన్నాడు. పక్క టేబులు వాళ్లు కూడా వచ్చి చూసి, అవును ఈమే అన్నారు. ఆమె వైపు కోపంగా కూడా చూశారు, ఎంత ఆశ ఈమెకు అన్నట్టు. ఆ చూపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక చెంపదెబ్బ కొట్టే ధైర్యం నాకెందుకు లేకపోయిందా అనుకుంటాను.

అడిక్‌మెట్ గది ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు, అతనికీ హాస్టల్ ఆలోచన వచ్చింది. మూడు వారాల పాటు ఆమె పని అయ్యాక గదుల కోసం తిరిగింది. ఒకనాడు వచ్చి, ఇల్లు దొరికింది అమ్మ, జర నువ్వొచ్చి ఓనరుతోని మాట్లాడు, అడ్వాన్సు చానా అడుగుతున్నడు అంది. ఎక్కడ అని అడిగితే చెప్పలేదు. వెంట నడిచాను. ఆమె కమాను దాటి లోపలికి పోయింది, మొదటి అంతస్తు ఎక్కింది, మెట్ల పక్క తలుపు ముందు ఆగింది.

లోపల ఆనాటి తాళం మనిషే ఉన్నాడు. డ్రాలో ఆ ఇల్లు అతని భార్య పేరున వచ్చిందట. వాళ్లకు బర్కత్‌పురలో సొంత ఫ్లాటు ఉంది, ఇది కిరాయికిస్తున్నారు. నన్ను గుర్తుపట్టాడు, కుర్చీ వేశాడు. అక్కణ్నుంచి లేచి పోదామని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కదల్లేదు.

"వద్దంటే యాడికి పోవాలె అమ్మ? మాట్లాడు" అంది నెమ్మదిగా.

మాట్లాడాను. అన్నా అన్నాను, పేదవాళ్లు అన్నాను, బతిమాలాను. చివరికి అతను మీ మొహం చూసి తగ్గిస్తున్న మేడం అన్నాడు. థాంక్స్ అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. బయటికొచ్చి ఉమ్మేసినా పోలేదు.

మేం లేస్తుంటే అతను ఆమెను పిలిచి ఒక షరతు చెప్పాడు. ఇళ్లు వచ్చినవాళ్లే ఉంటున్నారా, కిరాయికిచ్చారా అని అప్పుడప్పుడు మున్సిపాలిటీ వాళ్లు చెకింగ్‌కు వస్తారట.

"వచ్చినప్పుడు కిరాయికున్నమని చెప్పొద్దు. ఇల్లు మాదే అని చెప్పాలె. యాదుంటదా?"

"యాదుంటది అన్నా" అంది పాలమూరామె.

పోయిన నెల వచ్చారట వాళ్లు. గుమ్మం బయటే నిలబడి, ఇల్లెవరిదమ్మా అని అడిగారట. మాదే సార్ అని చెప్పిందట. తల ఊపి పక్కింటికి పోయారట. గిన్నెలు తోముతూ ఈ ముక్క నాకు చెప్పింది, తర్వాత నల్లా కట్టేసి, కిరాయి కట్టాలె, జీతం జర ముందుగాల ఇయ్యి అమ్మ అంది.