అత్తయ్యగారి ఇసుక సంచులు

మావయ్యగారు పోయాక అత్తయ్యగారు మైలవరం దగ్గరి పొలం కౌలుకిచ్చి, పటమటలో మా ఇంటికి వచ్చేశారు. పంతొమ్మిది వందల డెబ్బైల మొదటి రోజులవి. పొలం పనులు ఆగిపోయాయి, దాంతో కాళ్ళూ నెమ్మదించాయి. ఆదివారం ఆవిడ చర్చికి చేరేసరికి మొదటి పాట అయిపోయేది. రోడ్డు దాటడం మరీ కష్టం. ఆటోనగర్ లారీ ఒకటి పోయింది కదా అని అడుగేస్తే, సగం దాటేలోగా ఇంకోటి వచ్చేది.

ఒక ఆదివారం మావారు, "అమ్మా, ఇకనుంచి నువ్వు ఇంట్లోనే ప్రార్థన చేసుకో. పాస్టరుగారు ఏమీ అనుకోరులే," అన్నారు.

ఆవిడ మర్నాడు నేను స్కూలు నుంచి రాగానే నా ఎదుట నిలబడ్డారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని.

"ఊపిరి బానే ఆడుతోందమ్మాయ్. కాళ్ళల్లోనే సత్తువ లేదు. మీ పిల్లల చేత చేయించేవి నాచేత చేయించు."

నాకు భయమేసింది. పెద్దవయసు వాళ్ళ చేత బరువులెత్తించడం మా ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. డాక్టరుగారిని అడిగితే ఈ వయసులో విశ్రాంతే మందన్నారు. బయటికి రాగానే అత్తయ్యగారు, విశ్రాంతి తీసుకునే కదా ఇలా తయారయ్యానన్నారు.

మొదలుపెట్టాం. చేతులు ఆనించకుండా స్టూలు మీంచి లేవడం, కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడటం. పాత లంగా గుడ్డతో సంచులు కుట్టి, ఇసుక పోసి చీలమండలకు కట్టాను. మంచం అంచున కూర్చుని ఒక్కో కాలూ చాపి ఎత్తేవారు. మొదట్లో తొడలు పట్టేసి మూలిగేవారు. తేలికైందనిపిస్తే చాలు, నాకు చెప్పకుండా తనే ఇంకాస్త ఇసుక పోసుకునేవారు.

మావారు నామీద కోప్పడ్డారు. ఏమన్నా అయితే నాదే బాధ్యతన్నారు.

"దాన్నెందుకంటావ్?" లోపల్నుంచి ఆవిడ గొంతు. "కాళ్ళు నావి. బాధ్యతా నాదే."

వానలు వెళ్ళి చలికాలం వచ్చింది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు గానీ నడకలో వేగం వచ్చింది. చర్చికి మాతోపాటే చేరేవారు. ఒక్కోసారి నేనే వెనకబడేదాన్ని. ఈ వయసులో కుస్తీకి వెళ్తారా అని పక్కింటివాళ్ళు నవ్వితే, పిలిస్తే వెళ్తానన్నారు.

వేసవిలో అత్తయ్యగారి తమ్ముడి కూతురి పెళ్ళికి మైలవరం వెళ్ళాం. ఆయన అక్క కోసం బస్టాండుకి ఎడ్లబండి పంపారు. అత్తయ్యగారు సామాను మాత్రం ఎక్కించి, బండిని పంపించేశారు. ఎండలో నడుచుకుంటూనే వెళ్ళాం. పందిట్లో ఆవిడకు కుర్చీ వేశారు. కూర్చోలేదు. చెంబుడు మంచినీళ్ళు తాగి, ముఖం తుడుచుకుని, వంటల దగ్గర ఎవరున్నారని అడుగుతూ పెరట్లోకి వెళ్ళిపోయారు.