నాలుగు బై పదిహేడులో మా వదిన

ఇది రాయకుండా ఉండిపోదామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం ముందు పెట్టుకొని, రెండుసార్లూ దాని మీద వేరుశెనక్కాయలు ఒలుచుకొని తిన్నాను. నేను నింపిన కాగితాల వల్లనే మా పక్కింటి వదినకు ఆ చివరి ఐదు నెలలు అట్టా గడిచినాయి. మళ్లీ ఆమె గురించే కాగితం పట్టాలంటే చెయ్యి ఆడలేదు. కానీ ఆమె పోయి నెల దాటింది. ఆమె గురించి చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు, రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక మంగళవారం పొద్దున, ఎండ వరండా మెట్టు దాకా వచ్చే వేళకి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే పోయింది. ఒళ్లో ఫైలు ఉంది. "వదినా, కాఫీ" అని గ్లాసు పట్టుకొని పోయింది నేనే. పలకలేదు. కాసేపు గ్లాసు పట్టుకొని అట్టే నిలబడినాను. ఆమెకు కాఫీ చల్లారితే కోపం.

మా ఊరు పులికాటుకు ఎగువన, సముద్రం ఒడ్డున. ఇక్కడ అందరూ ఆమెను మలేషియామ్మ అనేవాళ్లు. పుట్టింది అక్కడ, రబ్బరు తోటలో. ఆమె తాతను ఎప్పుడో తెల్లదొరలు ఇక్కణ్ణించి ఓడెక్కించి తీసుకుపోయినారు. మా పక్కింటి అన్న కుర్రతనంలో ఆ దేశానికి పనికి పోయి, ఆరేళ్లకు ఒక రేకు పెట్టెనూ, ఈమెనూ వెంటబెట్టుకొని వచ్చినాడు. ఊరు ఊరంతా తెల్లటి దొరసాని దిగుతుందని చూస్తే, మాకంటే ఒక పాలు నల్లగా ఉండే మనిషి దిగి "బాగుండారా" అని తెలుగులో పలకరించింది. ఆ పూట మా వాళ్ల మొహాలు చూడాల్సిందే.

వచ్చిన కొత్తలో ఆమె చేపల పులుసులో నిమ్మగడ్డి వేసింది. నెల్లూరు చేపల పులుసులో! మామిడికాయ ముక్క వేసి, ఒక రాత్రి నిలవబెట్టి, మర్నాడు తినే పులుసులో గడ్డి వేస్తే ఊరుకుంటారా? మా అమ్మ ముక్కు మూసుకొని గిన్నె వెనక్కి పంపించింది. రెండేళ్లకు మా పెరట్లోనూ నిమ్మగడ్డి మొలిచింది. ఎవరు నాటినారని అడిగితే మా అమ్మ గాలికి వచ్చిందనింది. సరే, పులుసు సంగతి ఎత్తుకుంటే నాకు తెమలదు.

నేను పడవల ఇంజన్లు బాగు చేసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. తెలుగు పొట్లాల కాగితాల్లో, ఇంగ్లీషు డీజిల్ ఇంజన్ల పుస్తకాల్లో నేర్చుకున్నాను. ఊళ్లో అర్జీలన్నీ నేనే రాసేవాణ్ణి. అట్టా వదిన పర్మిట్టు కాగితాలు కూడా నా చేతికి వచ్చినాయి. ఆమె పాస్‌పోర్టు ఆ దేశానిది. ఇక్కడ ఎన్నేళ్లు కాపురం చేసినా, ఏడాదికోసారి నెల్లూరులో ఆఫీసుకు పోయి, నేను ఫలానా ఇంట్లోనే ఉన్నానని చూపించి, పర్మిట్టు పొడిగించుకోవాల. ఒక్కరోజు ఆలస్యమైనా సంజాయిషీ. ఇల్లు మారితే వెంటనే చెప్పాల.

ఆ నెల దగ్గరపడిందంటే వదిన మాట తగ్గిపోయేది. కూరలో ఉప్పు మరిచిపోయేది. ఫైలును పిండి సంచిలో చుట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, ఉప్పుగాలి తగలకుండా బియ్యం డబ్బాలో దాచేది. రోజూ తీసి, ఉన్నాయో లేదోనని చూసుకొని, మళ్లీ దాచేది. ఆఫీసులో ముద్ర పడినాక నెల్లూరు బస్టాండు దగ్గర కారం దోసె తినేవాళ్లం. అప్పుడుగాని ఆమె నోరు తెరిచేది కాదు. "ఇంకో ఏడాది ఇక్కడ చావొచ్చు, బోలే" అనేది. బోలే అంటే వాళ్ల దేశంలో పర్వాలేదు, కుదురుతుంది అని.

"ఈ పీడంతా ఎందుకు వదినా, ఆ పుస్తకం ఇచ్చేసి ఇక్కడి మనిషివైపో" అని ఒకసారి అన్నాను.

"మా నాయన ఆ దేశంలో ముప్పై ఏళ్లు చెట్లకు పాలు గీసినాడబ్బయ్యా. ఈ పుస్తకం కావాలని తిరిగి తిరిగి, తనకు రాకుండానే పోయినాడు. నాకు వచ్చింది. ఎట్టా ఇచ్చేసేది?"

డెబ్బై దాటిన నన్ను అబ్బయ్యా అని పిలిచే మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఎవరూ లేరు.

ఇంకో రకం కార్డు ఉందని, అది తీసుకుంటే జన్మలో మళ్లీ ఆఫీసు మెట్లు ఎక్కనక్కర్లేదని చెప్పినారు. దానికి తాత ఈ దేశంలో పుట్టినట్టు కాగితం కావాల. తాతను ఓడెక్కించినవాళ్లు కాగితం రాసే ఉంటారు. అది యాడుందో ఎవరికి తెలుసు?

అన్న పోయినాక ఆమె ఒక్కతే అయింది. తరవాత సముద్రం లోపలికి రావడం మొదలుపెట్టింది. ముందు వరస ఇళ్లు పోయినాయి, తరవాత మా వరస. మూడేళ్ల కిందట అందరం వెనక కట్టిన కొత్త కాలనీకి మారినాం. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాల.

మా పల్లెలో పాత పడవ విప్పేస్తే, దాని ముక్కు పలక ఒకటి తీసి కొత్త పడవలో దిగ్గొడతాం, సముద్రం గుర్తుపట్టాలని. ఇళ్లు మారినప్పుడు కూడా అదే పని చేసినాం. పాత తలుపుల మీది నంబరు రేకులు పీక్కొచ్చి కొత్త తలుపులకు కొట్టుకున్నాం. పంచాయతీవాళ్లు గోడల మీద కొత్త నంబర్లు రాసిపోతే, వాటి మీద సున్నం కొట్టినాం. పోస్టుమ్యాను మా ఊరివాడే, అతనికి నంబర్లతో పని లేదు. వదిన ఇంటికి నాలుగు బై పదిహేడు రేకు కొట్టింది నేనే. మేకు వంకర పోతే తీసి మళ్లీ కొట్టినాను.

అప్పటికి పర్మిట్టు పని కంప్యూటరులోకి పోయింది. నెట్ సెంటరులో నేనే పక్కన కూర్చొని చెప్పేవాణ్ణి. ఫారంలో ఒక ప్రశ్న వస్తుంది: అడ్రసు మారిందా? నంబరు మారలేదు, ఊరు మారలేదు. "లేదు" అని నొక్కించినాను. మూడేళ్లు, మూడుసార్లు.

మా తీరంలో శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే ముందు పడవలు ఆపుతారు, పల్లెల్లో కొత్త మొహాలు ఉన్నాయేమోనని ఒకసారి చూసుకుంటారు. ఈసారి వచ్చిన కానిస్టేబులు కొత్తవాడు. చేతిలో లిస్టు, లిస్టులో వదిన పేరు. పంచాయతీ పాత పటం పట్టుకొని నాలుగు బై పదిహేడు కోసం నేరుగా ఒడ్డుకు పోయినాడు. అక్కడ తడి ఇసక, సగం కూలిన బావి ఒర. ఫోటో తీసుకొని పోయినాడు. కాలనీలో ఎవర్నీ అడగలేదు. ఆ సాయంత్రం రాకెట్టు లేచి, కిటికీ రెక్కలు గడగడమని కొట్టుకుంటే వదిన వరండాలో నిలబడి చూసింది. "దాని అడ్రసు మారితే ఎవరు రాస్తారబ్బయ్యా ఫారం?" అని నవ్వింది. అదే ఆఖరు నవ్వని చెప్పను, తరవాత కూడా ఒకసారి నవ్వింది. అది నాకు బాగా గుర్తుంది.

పది రోజులకు నోటీసు వచ్చింది. చూపిన అడ్రసులో విదేశీయురాలు లేదు, ఇన్ని రోజుల్లో సంజాయిషీ ఇవ్వాల, లేకపోతే దేశం విడిచి పోవాల్సి ఉంటుంది. నేను చదివి, అర్థం కానట్టు మళ్లీ చదివినాను. ఆమె నా మొహం చూసి ఫైలు తెచ్చుకుంది.

నెల్లూరులో ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించినాడు.

"ఇల్లు ఎప్పుడు మారినారమ్మా?"

"నంబరు అదే సార్. రేకు కూడా అదే."

"రేకు కాదమ్మా. ఆ చోటు?"

"ఆ చోటు ఇప్పుడు లేదు సార్. ఆడ సముద్రం ఉండాది."

ఆయన నవ్వలేదు. "మరి మూడేళ్లుగా అడ్రసు మారలేదని నింపింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపల వదిన "నేనే సార్" అనింది. జన్మలో కంప్యూటరు తాకిన మనిషి కాదు. నేను ఆమె వైపు చూసినాను, ఆమె నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం నాకు ఇంకా అరగలేదు.

"పైకి రాస్తాం. ఉత్తర్వు వచ్చేదాకా ఆ అడ్రసులోనే ఉండండి. మావాళ్లు వచ్చి చూస్తారు. ఎప్పుడని చెప్పలేం" అన్నాడాయన.

బస్సులో అడిగినాను, "ఎందుకట్టా చెప్పినావు వదినా?"

"నిన్ను లోపలేస్తే నా ఫారాలు ఎవరు రాస్తారు?" అనింది. ఆరోజు దోసె తినలేదు.

అడ్రసులోనే ఉండండంటే ఊరు దాటొద్దని ఆయన ఉద్దేశం. ఆమె వరండా దాటలేదు. గుడి తిరునాళ్లకు రాలేదు. మూడిళ్ల అవతల పెళ్లికి రాలేదు. పొద్దున ఆరింటికి తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని, ఫైలు ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. మా కాలనీలో చేపలవాళ్లవి, ఐసువాళ్లవి కలిపి ఎన్ని మోటారు సైకిళ్లో. ప్రతి బండి చప్పుడుకీ కొంగు సర్దుకొని నిటారుగా కూర్చునేది. బండి మలుపు తిరిగి పోయినాక మళ్లీ వెనక్కి ఆనుకునేది. ఐదు నెలల్లో ఆ శబ్దం నాకూ పట్టుకుంది. ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి, ఇంజన్ చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాణ్ణి.

నాలుగో నెలలో కాళ్లు ఉబ్బినాయి. మాట మధ్యలో ఊపిరి అందేది కాదు. ఆటో తెచ్చినాను. నెల్లూరు పెద్దాస్పత్రికి పోదాం లెమ్మన్నాను.

"నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాళ్లొస్తే?"

"నేను చెప్తా గదా."

"నువ్వు చెప్పింది మూడేళ్లు చూసినాం గదబ్బయ్యా" అని నవ్వింది. నేను చెప్పిన రెండో నవ్వు అదే. ఆటోవాడు కాసేపు ఉండి వెళ్లిపోయినాడు. ఊరి డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకునేది, కుర్చీలోనే.

పోయిన రోజు కూడా ఆమెను వెంటనే తీసుకుపోనివ్వలేదు. పరాయి దేశం మనిషి గనక ముందు నెల్లూరు ఆఫీసుకు కబురు చెయ్యాల, అక్కణ్ణించి సరేనని రావాల. చేపల కోసం వచ్చిన ఐసు ఆమె చుట్టూ పేర్చినాం. ఆడవాళ్లు ఏడ్చి, అలిసిపోయి, లేచి నీళ్లు తాగి, మళ్లీ కూర్చున్నారు. మధ్యాహ్నం మూడింటికి నా ఫోనుకు కబురు వచ్చింది. సముద్రం ఇప్పట్లో రాని చోటు చూసి, అన్న పక్కన కాకపోయినా, మట్టి చేసినాం. అన్నను పూడ్చిన చోటు ఇప్పుడు నీళ్లలో ఉంది.

కర్మ అయిన మర్నాడు వాళ్ల వరండా ఊడుస్తుంటే బండి ఆగింది. కానిస్టేబులు దిగినాడు. వేరే అతను, పెద్దవాడు. చేతిలో ఐదు నెలల కిందటి కాగితం.

"నాలుగు బై పదిహేడు ఇదేనా?"

"ఇదే."

రేకును ఫోటో తీసినాడు. గోడ మీది సున్నం గోకి కింది నంబరు కూడా రాసుకున్నాడు. "అడ్రసు సరిపోయింది. ఆమెను పిలవండి" అన్నాడు.

లోపలికి పోయి మరణ ధ్రువపత్రం తెచ్చి ఇచ్చినాను. రెండు వైపులా తిప్పి చదివినాడు.

"సమాచారం ఇచ్చింది మీరేనా?"

"నేనే" అన్నాను.

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టినాను. మంచినీళ్లు అడిగి తాగినాడు. బండి మలుపు తిరిగినాక కుర్చీ లోపల పెట్టి, తలుపు దగ్గరికి వేసినాను.