నాయన కారు మళ్లీ కదిలిన రోజు

నా చిన్నప్పుడు, సోమందేపల్లెలో మా ఇంటి పక్కనున్న రేకుల పంచ కింద ఒక తెల్ల అంబాసిడర్ కారు మూడేళ్లు కదలకుండా నిలబడి ఉండేది. అది మా నాయనది. పెనుకొండకూ హిందూపురానికీ బాడుగలు తిప్పేవాడు. నాకు ఏడేళ్లున్నప్పుడు కామెర్లు ముదిరి పోయాడు. చివరిసారి ఆయన ఎక్కడ నిలిపాడో కారు అక్కడే ఉండిపోయింది. టైర్లలో గాలి పోయింది. కాళ్ల కింది రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. వెనక సీటు కింద మా కోడి గుడ్లు పెట్టేది.

నాకు మాత్రం అది చెడిపోయిన బండి కాదు. బడి నుంచి రాగానే ఎడమవైపు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చునేదాన్ని. పక్కన డ్రైవరు సీట్లో, మా నాయన ఏళ్ల తరబడి కూర్చోగా పడిన గుంట అలాగే ఉండేది. స్టీరింగు మీద ఆయన చేతులు ఆనే రెండు చోట్లా నలుపు అరిగిపోయి ఉండేది. ఎండకు కాగిన రెక్సిన్ వాసనా బీడీ వాసనా కలిస్తే నాకు మా నాయన పక్కనున్నట్టే అనిపించేది. ఆ గుంటలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు, ఎవరినీ కూర్చోనివ్వలేదు. బడిలో టీచరు కొట్టిన సంగతీ, లెక్కల్లో తప్పిన సంగతీ దానికే చెప్పుకునేదాన్ని.

నాకు పదేళ్లు వచ్చాక కుందుర్పి నుంచి మా మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. రెండేళ్లు వరసగా వానల్లేక వాళ్ల చేన్లో వేరుశనగ ఊడలు నేలలోకి దిగే లోపలే ఎండిపోయింది. "బెంగళూరికి పోయి మట్టి మోసేదానికంటే బావ కారు బాగు చేసుకుని బాడుగకు తిప్పుతానక్కా. లారీ మీద డ్రైవింగు నేర్చుకున్నా గదా. మీ ఇల్లూ మా ఇల్లూ రెండూ గడుస్తాయి" అన్నాడు.

అమ్మ చేట ముందుకు లాక్కుంది. చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ, "బాగైతే తోలుకో. కాకుంటే వచ్చే సంతనాటికి పాత ఇనుమోడికి ఇచ్చేస్తా. దాన్ని చూస్తా చూస్తా నేనీడ బతకలేకుండా ఉండా" అంది. ఆ కారు అమ్మను కూడా బాధపెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

హైవే పక్కన లారీలు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా షెడ్డు తాత అనేది. మామ ఆయన్ను పిలుచుకొచ్చాడు. కొత్త సామాను కొనే స్తోమత మాకు లేదని ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంజను బిగుసుకుపోయి ఉంటే కిరసనాయిలు పోసి నాలుగు రోజులు నానబెట్టాడు. నూనె డ్రమ్ము కోసి, సుత్తితో సాపు చేసి, కాళ్ల కింది చిల్లులకు అతుకు వేశాడు. పగిలిన దీపం స్థానంలో ఒక లారీ దీపం వచ్చింది. ఎవరి గేటుకో వేయగా డబ్బాలో మిగిలిన నీలం రంగుతో ఒక తలుపు నీలమైంది. మామ రోజంతా ఉప్పుకాగితం పెట్టి తుప్పు గీకేవాడు. చూస్తుండగానే కారు లేచి కూర్చుంటున్నట్టుండేది.

నేను మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాను. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి డ్రైవరు సీటు బయట పడి ఉంది. లోపలి పాత పీచంతా పీకి కుప్ప వేశారు. కొత్త పీచు గట్టిగా కూరి, పైన గోనెపట్టా కుట్టి, పాత రెక్సినే మళ్లీ తిప్పి తొడిగారు. సీటు చదునుగా, నున్నగా ఉంది. గుంట లేదు. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను.

మరుసటి రోజు తాత ఇంజను పక్కనున్న నల్లటి మూత తీసి, లోపలి నుంచి వేలెడంత ముక్క ఒకటి ఊడబెరికి గుడ్డతో తుడిచాడు. చివర చిన్న ఇత్తడి రేకు ఉంది. "దీన్ని రోటరంటారు పాపా. ఇంత పెద్ద బండికి ఇంత ముక్క. ఇది లేకుంటే ఇంజను అంటుకోదు" అని మళ్లీ దాని చోట పెట్టేశాడు. ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం అది గుండెలో నిలిచిపోయింది. మధ్యాహ్నం వాళ్లు భోజనానికి లేచినప్పుడు మూత తీసి, ఆ ముక్క లాక్కొచ్చి, వంటింట్లో చింతపండు కుండలో అడుక్కంటా దూర్చాను.

సాయంత్రం ఒక లారీ బ్యాటరీ తెచ్చి తగిలించారు. మామ కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను గిర్రుమని తిరుగుతుందిగానీ అంటుకోదు. పదిసార్లు తిప్పాడు. సంతకు ఇంక రెండే రోజులున్నాయి. మామ ముఖం నల్లబడిపోయింది. "ఏమప్పా ఇది, ఇంత చేసినా లేయకపాయె" అంటూ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

తాత వెళ్లి నల్లటి మూత తీశాడు. ఒక్క క్షణం లోపలికి చూశాడు. తర్వాత తల తిప్పి, గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను చూశాడు. నేను తలుపు చాటుకు జరిగాను. ఆయన మూత మెల్లగా పెట్టేసి, "ఒక సామాను అరిగిపోయినాది లేప్పా. నేను చూసుకుంటా. నువ్వు పోయి కాళ్లు కడుక్కో" అని మామను లోపలికి పంపాడు.

ఆ తర్వాత కారెక్కి, డ్రైవరు సీట్లో కాకుండా వెనక కూర్చుని నన్ను పిలిచాడు. నేను ఎప్పటిలాగే ఎడమవైపు ముందు సీట్లో కూర్చున్నాను. నన్ను ఒక్క మాట అనలేదు. "మీ నాయన బాడుగ నుంచి వచ్చేటప్పుడు హారను కొట్టేవాడా?" అని అడిగాడు.

"కొట్టేవాడు తాతా. ఊరి ముందర రోడ్డు కింది మోరీ కాడికి రాగానే రెండుసార్లు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టేది, కాళ్లు కడుక్కునేదానికి."

"ఆ హారను ఇప్పుడు నీ చెవుల్లో వినపడతాండాదా?"

వినపడుతోందని చెప్పబోయాను. కళ్లు మూసుకున్నాను. రోడ్డు కనిపించింది, మోరీ కనిపించింది, దుమ్ము లేపుకుంటూ కారు కూడా వచ్చింది. శబ్దం మాత్రం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది.

తాత నా ఏడుపు ఆపే ప్రయత్నం చేయలేదు. కాసేపటికి తనే చెప్పసాగాడు. "మా ఇంటామెకు రేడియో అంటే ప్రాణం. ఆమె పోయినాక దాన్ని ఆమె చీరలోనే చుట్టి అటక మీద పెట్టినా. ఎవుర్నీ ముట్టుకోనీలేదు. ఆరేండ్లకు దించి చూస్తే లోపల తీగలన్నీ ఎలకలు కొట్టేసినాయి. ఊళ్లో వాళ్ల బండ్లన్నీ బాగుచేస్తాండా, మా ఆమె రేడియో మాత్రం పాడుచేసుకున్నా పాపా. ఆమె వినే పాటలన్నా వింటా ఉండుంటే బాగుండు." అంతే. దిగి, పనిముట్లు సంచిలో వేసుకుని, "పొద్దున్నే వస్తా" అని వెళ్లిపోయాడు. నేను తీశానని తెలిసినట్టు చెప్పనూ లేదు, తెచ్చి ఇమ్మని అడగనూ లేదు.

పొద్దున ఆయన రాగానే ఎదురెళ్లి గుప్పిట విప్పాను. ముక్క చూశాడు, వాసన చూశాడు. "చింతపండులో పెట్టినావా? ఇత్తడి ఎంత తెల్లగా తోమినట్టుండాదో చూడు" అని నవ్వాడు. ఆ పులుపంతా పోయేట్టు శుభ్రంగా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి దాని చోట పెట్టాడు. ఆ సంగతి మామకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మామ తాళం తిప్పాడు. రెండోసారికి ఇంజను దగ్గి, పొగ కక్కి, మూడోసారికి అంటుకుంది. రేకుల పంచంతా అదిరింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. తాత నా భుజం మీద చెయ్యేసి డ్రైవరు తలుపు దగ్గరికి తీసుకెళ్లి, "నువ్వు కొట్టు పాపా, మీ నాయన కొట్టినట్లు" అన్నాడు. చెయ్యి చాపి హారను రెండుసార్లు నొక్కాను. ఇదే, ఇదే ఆ శబ్దం.

వంటింట్లోంచి అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికి వచ్చేసింది. పంచ దాకా వచ్చి, మామను చూసి ఆగిపోయింది. చేతిలో చెంబు ఉన్నట్టు ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. కాసేపటికి అమ్మ నాలుగడుగులు ముందుకు వేసి, కుడివైపు ముందు చక్రం మీద ఆ నీళ్లన్నీ మెల్లగా పోసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎక్కు పాపా, ఒక చుట్టు తిరిగొద్దాం" అంది. మూడేళ్ల తర్వాత అమ్మ ఆ కారు ఎక్కడం అదే మొదలు.

సంతనాడు వచ్చిన పాత ఇనుమాయన ఉత్త చేతులతో వెనక్కి పోయాడు. మామ ఆ కారును పన్నెండేళ్లు తిప్పాడు. డ్రైవరు సీట్లో మళ్లీ గుంట పడింది, ఈసారి మామది. నేను దాని పక్కన కూర్చునే పెనుకొండ కాలేజీకి పోయి వచ్చాను. ఆటోలు, జీపులు ఎక్కువై బాడుగలు తగ్గాక ఎవరికో అమ్మేశాడు. ఆ రోజు నాకు దిగులేసింది గానీ ఏడుపు రాలేదు.

ఇప్పుడు నేను బుక్కరాయసముద్రంలో ఉంటున్నాను. రెండేళ్ల కింద మా ఇంటాయన పోయాడు. ఆయన మోపెడ్‌ను గుడ్డ కప్పి లోపల గదిలో పెడదాం, గుర్తుగా ఉంటుందని మా కూతురు అంది. వద్దన్నాను. అరవై దగ్గరపడ్డాక చెరువు కట్ట మీద పొద్దున పూట దాన్ని నడపడం నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. కూరగాయలకైనా, ఆస్పత్రికైనా ఇప్పుడు దాని మీదే పోతాను. ముప్పై ఏళ్లు ఆయన వెనకాల కూర్చుని పోయినదాన్ని. కట్ట మీద ఎప్పుడూ గాలి ఎక్కువ. అన్నేళ్లూ ఆయన వీపు ఆపిన గాలి ఇప్పుడు నేరుగా నా ముఖానికి కొడుతుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. బండి మాత్రం ఆపను.